విదేశ విద్యకు తెరచిన తలుపులు – 1883 నాటి పాఠము



ఈ శతవార్షికోత్సవ సంచికలో మన దేవాలయముల గురించి, తొలి బోధకుల గురించి పెద్దలు వ్రాయుచున్నారు. నేను విదేశ విద్య గురించి వ్రాయదలచినాను. కారణమున్నది. ఆదివారము ఆరాధన ముగిసి బయటకు రాగానే, "అయ్యగారూ, మా అమ్మాయి పై చదువుకు దరఖాస్తు పెట్టింది, ఒక ఉత్తరం రాసివ్వాలి" అని అడిగే తల్లిదండ్రులు నేడు ప్రతి సంఘములోను ఉన్నారు. శతవార్షికోత్సవ కానుకలలో కొంత భాగమును విద్యానిధిగా ఉంచవలెనని మా సంఘ కమిటీలో ప్రతిపాదన వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు లేచినవి. క్రమముగా ఆరాధనకు వచ్చేవారికే ఇవ్వవలెనా? వెళ్లినవారు తిరిగి రాకపోతే మన డబ్బు ఏమైనట్లు?

ఈ ప్రశ్నలు మనతో పుట్టినవి కావు. వీటికి చరిత్ర చెప్పిన సమాధానమును చూతము.

ఆనందీబాయి జోషి 1865లో బొంబాయి దగ్గరి కల్యాణ్‌లో జన్మించినది. తొమ్మిదవ ఏట వివాహమైనది. పదునాలుగవ ఏట పుట్టిన మగబిడ్డ పది దినములకే మరణించినాడు. తగిన వైద్యము అందక పోయిన ఆ బిడ్డ దుఃఖమే ఆమెకు వైద్యురాలు కావలెనన్న సంకల్పమును కలిగించినది. ఆమె భర్త గోపాలరావు తపాలా శాఖలో ఉద్యోగి. భార్యను అమెరికాలో చదివించుటకు సహాయము కోరుతూ 1880లో విల్డరు అను అమెరికను మిషనరీకి ఉత్తరము వ్రాసినాడు. ఆయన సహాయము చేయుదుననెను గాని, దంపతులు క్రైస్తవ మతము స్వీకరించవలెనని షరతు పెట్టెను. వారు ఒప్పుకొనలేదు. ఆయన ఆ ఉత్తరములను తన మిషనరీ పత్రికలో అచ్చు వేయించినాడు.

సంగతి అక్కడితో ముగియలేదు. న్యూజెర్సీ రాష్ట్రములో రోసెల్ అను ఊరిలో కార్పెంటరు అను గృహిణి పంటి వైద్యుని గదిలో తన వంతు కొరకు వేచియుండి ఆ పత్రికను చదివినది. "వచ్చి మా ఇంట ఉండు" అని ఆనందీబాయికి వ్రాసినది. ఏ షరతూ పెట్టలేదు. సముద్రమునకు ఇవతల నుండి ఈ అమ్మాయి ఆమెను పిన్నిగా సంబోధిస్తూ ఉత్తరములు వ్రాసినది.

1883లో, ప్రయాణమునకు ముందు, ఆనందీబాయి సెరంపూరు కళాశాల హాలులో సభ ఎదుట మాట్లాడినది. నావంటి గురువులనేకులకు వేదాంత పట్టాలనిచ్చిన సెరంపూరే అది. హిందువుగానే వెళ్లెదను, హిందువుగానే తిరిగి వచ్చెదనని ఆమె అక్కడ స్పష్టముగా చెప్పినది. ఆ ప్రసంగము పత్రికలకెక్కిన తరువాత దేశము నలుమూలల నుండి చందాలు వచ్చినవి. ఆ సంవత్సరమే కలకత్తాలో ఓడ ఎక్కి, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో చేరినది.

ఇచ్చట తెలుగువారమైన మనము ఒక సంగతి గుర్తించవలెను. అదే కళాశాలలో 1879లో పట్టా పొందిన డాక్టరు అన్నా కుగ్లరు అదే 1883వ సంవత్సరములో మన గుంటూరుకు వచ్చినారు. ఒక కళాశాల నుండి వైద్యురాలు తెలుగుదేశమునకు వచ్చుచుండగా, మన దేశము నుండి ఒక బాలిక అదే కళాశాలకు వెళ్లినది. కుగ్లరమ్మగారిని కూడ మిషనువారు మొదట వైద్యురాలిగా పంపలేదు. స్త్రీల మధ్య విద్యాసేవకే నియమించినారు. ఆమె రోగులను చూచుట మానలేదు. 1898లో గుంటూరులో స్త్రీల ఆస్పత్రి తెరచినారు. మన పొరుగున ఉన్న లూథరను సంఘమువారు నేటికిని ఆ పేరును ప్రేమతో తలచుచున్నారు.

ఆనందీబాయి 1886 మార్చిలో ఎం.డి. పట్టా పొందినది. ఆ ఉత్సవమునకు పండిత రమాబాయి ఇంగ్లండు నుండి వచ్చినది. రమాబాయి కూడ 1883లోనే వైద్యము చదువవలెనని ఇంగ్లండు వెళ్లినది గాని, వినికిడి లోపము వలన ఆ కోరిక నెరవేరలేదు. అయినను ఆమె ప్రయాణము వృథా కాలేదు. అమెరికాలో స్నేహితులను కూడగట్టి, 1889లో బొంబాయిలో వితంతువుల కొరకు శారదా సదనము తెరచినది.

ఆనందీబాయి కథ వేరుగా ముగిసినది. కొల్హాపూరు ఆస్పత్రిలో స్త్రీల విభాగమునకు ఆమెను నియమించినారు. కాని క్షయవ్యాధితో తిరిగి వచ్చిన ఆమె 1887 ఫిబ్రవరి 26న పూనాలో మరణించినది. ఇరువది రెండేండ్లు నిండలేదు. ఆమె చితాభస్మమును కార్పెంటరమ్మగారికి పంపగా, ఆమె దానిని న్యూయార్కు రాష్ట్రములోని తమ కుటుంబ శ్మశానములో ఉంచినది. లెక్క చూచేవారు ఆమె కొరకు పెట్టిన ఖర్చు తిరిగి రాలేదందురు. ఆమె తరువాత ఎందరు తండ్రులు తమ కుమార్తెలను వైద్య కళాశాలకు పంప ధైర్యము తెచ్చుకొన్నారో ఏ లెక్కల పుస్తకము చెప్పగలదు?

తలుపు మూసిన షరతు మతమొక్కటే కాదు. క్రైస్తవ బోధకుని కుమార్తె కొర్నీలియా సొరాబ్జీ మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలైనను, ఇంగ్లండు చదువుకు ప్రభుత్వమిచ్చు విద్యార్థి వేతనము స్త్రీ అయినందున ఆమెకు దక్కలేదు. కొందరు ఆంగ్లేయ స్త్రీలు చందాలు పోగుచేసి 1889లో ఆమెను ఆక్స్‌ఫర్డు చేర్చినారు. 1892లో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసిన ఆమెకు పట్టా చేతికి వచ్చినది 1922లో! ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టాలు ఇచ్చుట 1920లో గాని ప్రారంభించలేదు.

ఇక రెండవ ప్రశ్న. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మామగారి సహాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి ఆసరాతోను అమెరికాలోని బోస్టను చేరినారు. అక్కడ ఆస్పత్రిలో రాత్రివేళ కూలిపని చేసి చదువుకొన్నారు. ఆయన స్వదేశము తిరిగి రాలేదు. 1948లో అక్కడనే కన్నుమూసినారు. ఆయన నాయకత్వమున జరిగిన పరిశోధనల నుండి వచ్చిన మెథోట్రెక్సేటు అను మందును నేడు మన ఊళ్ల ఆస్పత్రులలోను రక్త క్యాన్సరుకు వాడుచున్నారు. మనిషి రాలేదు, మందు వచ్చినది.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట నర్సింగు చదివిన ఒక అమ్మాయి విదేశ కళాశాలకు పంపుటకు నన్ను ఉత్తరము అడిగినది. ఆమె ఆరాధనకు అరుదుగా వచ్చేది. "మూడు నెలలు క్రమంగా రామ్మా, అప్పుడు చూద్దాం" అన్నాను. గడువు తేదీ దాటిపోయినది. ఆదివారములు ఆమె ఆస్పత్రిలో డ్యూటీలో ఉండెడిదని తరువాత తెలిసినది. విల్డరుగారిని విమర్శించుటకు నాకు నోరు రాదు.

నేడు తలుపులు ఎక్కువే. జర్మనీ వారి డాడ్ సంస్థ 1925లోను, కామన్వెల్తు విద్యార్థి వేతనములు 1959లోను ఏర్పడినవి. 1950 ఒప్పందముతో ఫుల్‌బ్రైట్ వేతనములు భారతీయులకు లభించినవి. వీటి వివరములను ఆ సంస్థలే ఉచితముగా ప్రకటించును. మధ్యవర్తికి డబ్బు కట్టి, అర ఎకరము తాకట్టు పెట్టుటకు ముందు మన బిడ్డలు వీటిని చూడవలెను. చూపించుట మన పని.

కనుక నా మనవి ఇది. విద్యానిధి పెట్టుదము. అర్హత చూతము, అవసరము చూతము, ఖర్చుకు లెక్క అడుగుదము. అంతకు మించి షరతు వద్దు. సమరయుడు గాయపడినవానిని నీవు ఏ సంఘస్థుడవని అడుగలేదు. పూటకూళ్లవానికి డబ్బిచ్చి తన దారిన వెళ్లినాడు. మన తల్లులు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి దేవుని పనికి ఉంచినారు. ఆ బియ్యము ఎవరి ఆకలి తీర్చినదో వారు అడుగలేదు. రాబోవు నూరేండ్లు ఆ పిడికిలి తెరచియుండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక.