సేంద్రియ వ్యవసాయ విస్తరణలో ప్రభుత్వ తోడ్పాటు: ఆంధ్రప్రదేశ్ అనుభవం (2004–2024)

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పురుగుమందులు లేని సాగుకు ప్రభుత్వం ఎందుకు పూనుకుందో వివరించగలుగుతారు.
• తోడ్పాటు స్వరూపం దశలవారీగా ఎలా మారిందో చెప్పగలుగుతారు.
• ఆ తోడ్పాటు ఫలితాలను, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

వ్యవసాయానికి ప్రభుత్వ సహాయం అనగానే మనకు సబ్సిడీ ఎరువు బస్తా గుర్తుకు వస్తుంది. 1960ల మధ్యకాలం నుంచి హరిత విప్లవ విధానం మేలైన విత్తనం, రసాయన ఎరువు, పురుగుమందు, సాగునీరు అనే నాలుగింటిపై నిలిచింది. ఆహార కొరతను తీర్చడంలో దాని పాత్రను తక్కువ చేసి చూడరాదు. మరి నాలుగు దశాబ్దాల తరువాత అదే ప్రభుత్వం రసాయనాలను తగ్గించే సాగుకు ఎందుకు చేయూతనిచ్చింది? మీలో పొలం పని చేస్తూ చదువుకుంటున్నవారికి ఈ ప్రశ్న పరీక్షకే పరిమితమైనది కాదు.

2. నేపథ్యం

1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి పంటను పొగాకు లద్దె పురుగు నాశనం చేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులపాలైన రైతులు అనేకమంది ఆత్మహత్య చేసుకున్నారు. మందు అమ్మే దుకాణదారే చాలాచోట్ల అప్పు ఇచ్చేవాడు, ఏ మందు వాడాలో చెప్పేవాడు, చివరకు పంట కూడా కొనేవాడు. అందువల్ల పురుగు సమస్యను కేవలం సాంకేతిక సమస్యగా చూడలేము. అది రుణ సమస్య కూడా.

ఈ దశలో కొన్ని గ్రామాలు వేరే దారి చూపాయి. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల, నాటి వరంగల్ జిల్లాలోని ఏనబావి గ్రామాల రైతులు స్వచ్ఛంద సంస్థల సహకారంతో పురుగుమందులను విడిచిపెట్టారు. ఏనబావి రసాయన ఎరువులను కూడా మానివేసింది.

3. మొదటి దశ: మహిళా సంఘాల ద్వారా (2004 నుంచి)

ఇటువంటి అనుభవాల ఆధారంగా గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) పురుగుమందులు లేని సస్యరక్షణను చేపట్టింది. వేసవి దుక్కులు, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, వేపగింజల కషాయం ఇందులోని ప్రధాన పద్ధతులు. వీటిలో చాలావరకు శాస్త్రవేత్తలకు ముందే తెలిసినవి. కొత్తదనం అమలు చేసిన తీరులో ఉంది. ఈ కార్యక్రమం వ్యవసాయ శాఖ ద్వారా కాక, మహిళా స్వయం సహాయక సంఘాల సమాఖ్యల ద్వారా నడిచింది. ఈ పద్ధతిలో విజయం సాధించిన రైతులే శిక్షకులై పక్క గ్రామాలకు వెళ్లారు.

ఇంటి అప్పుల లెక్క మహిళలకు తెలుసు. పురుగుమందు ఖర్చు మిగిలితే పొదుపు పెరుగుతుందని వారికి వేరే చెప్పనక్కరలేదు. 2009లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగేళ్లకు పైబడిన కాలంలో సుమారు 3 లక్షల మంది రైతులు 13.6 లక్షల ఎకరాల్లో ఈ పద్ధతులను చేపట్టారు.

4. రెండవ దశ: ప్రకృతి వ్యవసాయం

2014లో రాష్ట్ర విభజన జరిగింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా కార్యక్రమాన్ని విస్తరించింది. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన బీజామృతం, జీవామృతం వంటివి ఇందులో చేరాయి. కేంద్రం 2015లో ప్రారంభించిన పరంపరాగత్ కృషి వికాస్ యోజన నిధులు కూడా దీనికి ఉపయోగపడ్డాయి. 2018లో రాష్ట్రం 2024 నాటికి 60 లక్షల మంది రైతులను చేరాలని ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరలేదు. అయినా కార్యక్రమం కొనసాగి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది.

5. పోలిక, పరిమితులు

సిక్కిం మార్గం భిన్నమైనది. 2003లో శాసనసభలో విధాన ప్రకటన చేసి, రసాయనాల సరఫరాను క్రమంగా నియంత్రించి, 2016లో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకుంది. అక్కడ రసాయనాల వాడకం మొదటి నుంచీ స్వల్పం. ఆంధ్రప్రదేశ్‌లో వాడకం ఎక్కువ కాబట్టి నిషేధం కంటే ఒప్పించడమే సాధ్యమైన మార్గమైంది.

పరిమితులను కూడా మీరు గమనించాలి. మొదటిది, మారే తొలి ఏళ్లలో దిగుబడి తగ్గితే ఆ నష్టాన్ని భరించేది రైతే. కౌలు రైతుకు ఈ భారం మరింత ఎక్కువ. వచ్చే ఏడాది తన చేతిలో ఉంటుందో లేదో తెలియని నేలను బాగు చేయమని అతనిని అడుగుతున్నాం. రెండవది, 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఈ సాగుకు తగిన శాస్త్రీయ ఆధారాలు లేవని ఆక్షేపించింది. మూడవది నిధుల వ్యత్యాసం. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు కేటాయింపు రూ. 2,481 కోట్లు. ఎరువుల సబ్సిడీ ఏటా లక్ష కోట్లకు పైమాటే.

6. సారాంశం

సంక్షోభం కారణంగా పుట్టిన ఒక ప్రయత్నం మహిళా సంఘాల బలంతో ప్రభుత్వ విధానంగా ఎదిగింది. రైతు ఖర్చును, అప్పును తగ్గించిన చోట అది నిలిచింది. మారే కాలంలోని నష్టాన్ని ఎవరు పంచుకోవాలన్న ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పురుగుమందుల సమస్య రుణ సమస్య కూడా ఎలా అయింది?
2. సిక్కిం, ఆంధ్రప్రదేశ్ మార్గాలను పోల్చండి.
3. మీ గ్రామంలోని ఒక కౌలు రైతు ఈ సాగుకు మారాలంటే ఎటువంటి తోడ్పాటు అవసరం? చర్చించండి.