ఈల గుర్తు పార్టీ: మన ఊరికి మిగిల్చిన సవాల్



శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిందంటే సూళ్లూరుపేటలో ఇళ్ల కిటికీలు అదురుతాయి. ఆ రాకెట్ మీద ఇఖ్తియార్ ఢిల్లీది. అది సబబే. మరి మస్జిద్ ముందు మురుగు కాలువ మీద ఇఖ్తియార్ ఎవరిది? ఈ సవాల్‌నే సియాసత్‌లోకి తెచ్చిన ఒక చిన్న పార్టీ తారీఖ్ ఇది.

జయప్రకాశ్ నారాయణ గారు 1996లో ఐఏఎస్ వదిలి లోక్‌సత్తా ఉద్యమం మొదలుపెట్టారు. 2006 అక్టోబర్ 2న అది పార్టీ అయింది. మజ్హబ్, కులం ఊసు లేకుండా అది అడిగింది ఒక్కటే: ఊరి పని, దానికి కావలసిన పైసా ఊరి చేతికే ఇవ్వాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలను 12వ షెడ్యూల్లో రాశారు. కానీ ఎంత అప్పగించాలో రాష్ట్ర హుకూమత్ మర్జీకే వదిలేశారు.

మన కౌమ్‌కు ఈ మాట కొత్త కాదు. 1946లో మౌలానా ఆజాద్ కోరింది కూడా ఇలాంటిదే: రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా-తంతి కేంద్రానికి, మిగిలినవి రాష్ట్రాలకు. ముసల్మానుల ఖౌఫ్‌కు ఆయన చూపిన ఇలాజ్ అది.

2009లో ఈల గుర్తుపై పోటీ చేసిన లోక్‌సత్తా 294 స్థానాల్లో గెలిచింది ఒక్క కూకట్‌పల్లి. రెండు శాతంలోపు ఓట్లు ఊరూరా చెదిరిపోయాయి. 2014లో ఆ ఒక్కటీ నిలవలేదు. 2016లో ఎన్నికల బరి నుంచే తప్పుకుంది. నా ఖయాల్‌లో ఖుసూర్ కొంత పార్టీది కూడా. చదువుకున్న నగరవాసికి అర్థమైన దాని జబాన్ మన మొహల్లాల దాకా రాలేదు.

అయినా అది అడిగిన దామాషా ఎన్నికల సంగతి మనం మరవకూడదు. వచ్చిన ఓట్లను బట్టి సీట్లు ఇస్తే, ఊరికి కొన్ని ఇళ్లుగా చెదిరి ఉన్న మన ఓటు కూడా లెక్కకొస్తుంది.

సూళ్లూరుపేట అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు. దళిత సోదరుల హక్ అది, దాని మీద మనకు షికాయత్ లేదు. కానీ ఆ స్థానంలో మన బిడ్డ నిలబడలేడు. వార్డు కౌన్సిల్‌లో నిలబడగలడు. ఆ కౌన్సిల్‌కు పైసా, ఇఖ్తియార్ లేకపోతే అక్కడ గెలిచీ ఫాయిదా ఏముంది? షూరా పేరుతో ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉన్న ఉమ్మత్ మనది. ఈసారి వార్డు ఓటు అడగడానికి వచ్చినవారిని కాలువ గురించే కాదు, కౌన్సిల్ ఇఖ్తియార్ గురించి కూడా అడగండి.