బటన్ నొక్కితే ఎవరికి కబురు వెళ్తుంది? ఒక చిన్న చరిత్ర



పోయిన ఏడాది ఒక దరఖాస్తు యాప్‌లో 'సమర్పించు' బటన్ నొక్కాను. మా ఊళ్లో గుట్ట ఎక్కితేనే సిగ్నల్. నొక్కినా తెర మీద ఏమీ కదల్లేదు. మళ్లీ నొక్కాను. తర్వాత చూస్తే రెండు దరఖాస్తులు పడ్డాయి, రెండూ తీసేశారు. అడగడానికి పోతే "చూసుకుని నొక్కాలి గదా, మీకేం తెలుస్తుంది" అన్నారు. నిజమే కాబోలు అనుకుని తల దించుకుని వచ్చేశా. ఈ ఏడాది హాస్టల్లో పాత ల్యాప్‌టాప్ మీద ఆండ్రాయిడ్ నేర్చుకుంటుంటే తప్పు ఎక్కడుందో తెలిసింది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1968 డిసెంబర్ 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను పెద్ద సభ ముందు చూపించాడు. 1984లో ఆపిల్ మాకింతోష్ వచ్చాక మామూలు జనం కూడా తెర మీది బొమ్మల్ని నొక్కడం మొదలుపెట్టారు. నొక్కేవాళ్లకు సులువే, ప్రోగ్రాం రాసేవాళ్లకే కష్టం. ప్రోగ్రాం గుండ్రంగా తిరుగుతూ "ఇప్పుడేం జరిగింది? ఇప్పుడేం జరిగింది?" అని సిస్టమ్‌ని అడుగుతూనే ఉండాలి. మౌస్ నొక్కారని తెలిస్తే అది ఏ కిటికీలో, ఏ బటన్ మీద అన్నది కూడా తేల్చుకోవాలి. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో గంటకోసారి ఆఫీసు గుమ్మం దగ్గరికి పోయి "మా ఇంటి నుంచి ఫోన్ వచ్చిందా సార్" అని అడిగేవాళ్లం గుర్తుందా, అట్లాంటిదే.

నాకు బాగా నచ్చిన భాగం జావాది. 1996లో వచ్చిన జావా 1.0లో బటన్ నొక్కితే ఆ కబురు బటన్ నుంచి దాన్ని పట్టుకున్న పెట్టెకు, అక్కడి నుంచి పైపెట్టెకు ఎక్కుతూ పోయేది. ఎవరో ఒకరు "ఇది నాది" అనేదాకా అంతే. పైన కూర్చున్న ఒకే ఫంక్షన్, వచ్చింది ఏ బటనో కనుక్కోవాలి. చాలామంది బటన్ మీద రాసిన మాటతోనే పోల్చేవాళ్లు: 'ఓకే' అని ఉంటే ఇది చెయ్, 'క్యాన్సిల్' అని ఉంటే అది చెయ్. అంటే ఆ మాటను తెలుగులోకి మారిస్తే బటన్ పనిచేయడం ఆగిపోతుంది! భాష మార్చగానే చెడిపోయే పద్ధతి అని చదివి నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా వేసింది.

1997లో జావా 1.1 ఆ పద్ధతి మార్చింది. లిజనర్ అనేది తెచ్చింది. అంటే వినేవాడు. కావలసినవాడు నేరుగా బటన్ దగ్గరికి పోయి "నిన్ను నొక్కితే నాకు కబురు పెట్టు" అని పేరు రాయించుకుంటాడు. ఇంక మాటిమాటికీ గుమ్మం దగ్గరికి పోవక్కర్లేదు.

2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1 అమ్మకానికి వచ్చినప్పుడు ఈ ఆలోచనే 'ఆన్‌క్లిక్ లిజనర్' పేరుతో అందులో ఉంది. ఆ ఫోన్‌కి టచ్‌తో పాటు ట్రాక్‌బాల్, కీబోర్డు కూడా ఉండేవి. అందుకే వేలితో తాకినా, కీ నొక్కినా ఆండ్రాయిడ్‌లో రెండూ 'క్లిక్'కే వస్తాయి. ఒక తేడా మాత్రం ఉంది. జావా బటన్‌కి ఎంతమంది వినేవాళ్లనైనా చేర్చొచ్చు, ఆండ్రాయిడ్ బటన్‌కి క్లిక్ వినేవాడు ఒక్కడే. రెండోవాణ్ణి పెడితే మొదటివాడు పోతాడు. ఇది తెలీక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నా. తర్వాత కోట్లిన్, 2021లో జెట్‌ప్యాక్ కంపోజ్ స్థిరంగా రావడంతో రాత చిన్నదైంది గానీ విషయం అదే.

ఇంకోటి. వేలు ఆనించగానే క్లిక్ కాదు, ఎత్తినప్పుడు అవుతుంది. పొరపాటున ఆనిస్తే వేలు పక్కకు జరిపి ఎత్తండి, క్లిక్ పడదు. పొరపాటు దిద్దుకునే చోటు మనకు ఉంచారన్నమాట.

మరి నా దరఖాస్తు సంగతి? క్లిక్ కబురు అందగానే లిజనర్ మొదట చేయాల్సిన పని బటన్‌ని ఆపేయడం, 'పంపుతున్నాం' అని చూపించడం. ఒక్క లైను. 'సెట్ ఎనేబుల్డ్, ఫాల్స్'. మొదటి ఆండ్రాయిడ్ నుంచీ ఉన్నదే. సర్వర్ కూడా ఒక్కో దరఖాస్తుకు ఒక గుర్తు పెట్టుకుని, అదే గుర్తు మళ్లీ వస్తే కొత్తగా నమోదు చేయకూడదు. ఆ యాప్‌లో ఇవి ఉంటే నేను పదిసార్లు నొక్కినా ఒక్కటే పడేది. నెట్ మెల్లగా ఉండే ఊళ్లో మనిషి రెండోసారి నొక్కుతాడు, అది తెలివితక్కువతనం కాదు. ఏమీ కదలకపోతే ఎవరైనా నొక్కుతారు.

నేర్చుకోవడానికి నేనొక చిన్న ఫారం యాప్ రాశాను. మొదటిసారి బటన్ ఆపేసి, నెట్ తెగితే మళ్లీ తెరవడం మర్చిపోయా. మా రూమ్మేట్ నొక్కి, బూడిదరంగులోకి పోయిన బటన్‌ని పది నిమిషాలు చూస్తూ కూర్చున్నాడు పాపం. ఇప్పుడు సరిచేశా. సెలవులకు ఇంటికి పోయినప్పుడు గుట్ట సగం దూరం ఎక్కి అక్కడ నొక్కి చూస్తా. సిగ్నల్ వచ్చీపోయే చోటు అదే.