చెంచా కొలతతో పుట్టిన తీపి

సికింద్రాబాద్ స్టేషన్ బయటికొచ్చి ఏ ఇరానీ హోటల్లో కూర్చున్నా చాయ్‌తో పాటు బన్ మస్కా దొరుకుతుంది. మెత్తటి బన్నును అడ్డంగా కోసి లోపల వెన్న దట్టంగా రాస్తారు. మలై బన్ అయితే మీగడ, దాని మీద చక్కెర పలుకులు. ఆ పలుకులు పళ్ల కింద కరకరలాడుతుంటే చాయ్ గుటక వేయడం ఈ ఊరివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కణ్ణుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అని పిలుచుకునేది. రోజుకు చక్కెర ఎంత దాటకూడదో దేశం మొత్తానికి లెక్కగట్టి చెప్పేది ఆ ఆవరణే. రొట్టెకు రాసుకునే తీపి, ఆ తీపిని ఓ కంట కనిపెట్టే శాస్త్రం ఒకే ఊళ్లో చేరడం కాకతాళీయమే కావచ్చు. అయితే రెండింటి చరిత్రలూ ఒకచోట నిజంగానే ఎదురుపడ్డాయి. అది ఓ చవకరకం జామ్ డబ్బా దగ్గర. అక్కడికి చేరాలంటే చాలా వెనక నుంచి రావాలి.

పండును తీపిలో ఉడికించి గుజ్జుగా నిలవ చేయడం మొదట్లో వైద్యుల పని. చరక సంహితలో చ్యవనప్రాశ తయారీ ఉంది. ఐదు వందల ఉసిరికాయలు మూలికలతో ఉడకబెట్టి, గుజ్జు తీసి, నెయ్యిలోనూ నువ్వులనూనెలోనూ వేయించి, కషాయంలో చక్కెరతో పాకం పట్టి, చల్లారాక తేనె, పిప్పళ్లు కలపాలి. చేసే తీరు చూస్తే ఇప్పటి జామ్‌కు దగ్గరి చుట్టం. కాకపోతే దాన్ని ఎవరూ గిన్నె నిండా తినలేదు. వైద్యుడు చెప్పినంతే, చెప్పిన పూటే. యునానీ హకీములు తెచ్చిన మురబ్బాలు, గుల్‌కంద్ కూడా అంతే. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి చుట్టుపక్కల దుకాణాల్లో ఉసిరి మురబ్బా, క్యారెట్ మురబ్బా ఇప్పటికీ సీసాల్లో కనిపిస్తాయి. యూరప్‌లోనూ కొన్ని శతాబ్దాల పాటు చక్కెర మందుల కొట్టు సరుకే. ఎటు చూసినా ఈ తీపి చెంచా కొలతతోనే పుట్టింది. ఆ చెంచా ఎప్పుడు, ఎట్లా జారిపోయిందన్నదే నన్ను ఈ చరిత్రలోకి లాగిన ప్రశ్న.

హైదరాబాదీలకు తమదైన పూత ఒకటుంది, దాన్ని అట్లా ఎవరూ అనుకోరు గానీ. ఖుబానీ కా మీఠా. ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, సన్నటి సెగ మీద గుజ్జయ్యేదాకా ఉడికిస్తారు. గింజ పగలగొట్టి లోపలి పప్పు పైన వేస్తారు. పెళ్లి దావత్‌లో మలైతో చిన్న కటోరీలో వస్తుంది. మర్నాడు పొద్దున మిగిలిన కాస్త గుజ్జును కాల్చిన రొట్టె మీద రాసుకుని చూడండి. విదేశీ సీసాలేవీ దాని ముందు నిలవవు. అందులో పండు తీపే చాలా మటుకు ఉంటుంది కాబట్టి చక్కెర చాలా తగ్గించినా రుచి చెడదు.

సీసా, బ్రెడ్డు, వెన్న కత్తి మాత్రం దండుతో వచ్చాయి. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్ ఉత్తరాన విడిది చేశాయి. 1806లో ఆ విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. దండు ఉన్నచోటికి బేకరీలూ వచ్చాయి. 1874లో రైలొచ్చింది. ఆ తర్వాత లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ చుట్టూ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. క్రిస్మస్ ముందు ఆ ఇళ్లలో చేసే వాటిలో జామకాయ జెల్లీ ఒకటి. పండు ఇక్కడిది, పద్ధతి అక్కడిది. నా మటుకు నాకు సికింద్రాబాద్ అంటే అదే.

ఆ జెల్లీ ఎట్లా కుదురుతుందో దగ్గరగా చూస్తే తప్ప చక్కెర గొడవంతా అర్థం కాదు. మోండా మార్కెట్‌లో చలికాలం మొదట్లో జామకాయలు బుట్టలకొద్దీ దిగుతాయి. బాగా పండినవి పనికిరావు, దోరవే కావాలి. పెక్టిన్ వాటిలోనే ఎక్కువ. పండు గోడల్లో ఉండే ఈ పదార్థాన్ని 1825లో ఆన్రీ బ్రాకోనో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వేరు చేసి పేరు పెట్టాడు. కాయలను ముక్కలు చేసి, మునిగేంత నీళ్లలో ఉడికించి, పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీస్తారు. తొందరపడి పిండితే రసం మసకబారుతుంది. దానంతట అది బొట్లుబొట్లుగా కారాలి. పొద్దున ఆ రసాన్ని కొలిచి, దాదాపు దానికి సరిసమానంగా చక్కెర వేసి, నిమ్మరసం పిండి మరిగిస్తారు. 105 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నురగ బరువెక్కి బుడగలు నెమ్మదిస్తాయి. చల్లటి పళ్లెం మీద ఒక చుక్క వేసి వేలితో నెడితే పైన సన్నటి ముడత పడాలి. పడితే దింపెయ్యాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచారా, జెల్లీ పోయి సాగే పాకం మిగులుతుంది. దించినప్పుడు దాని రంగు లేత కెంపు. దోరకాయలోని పాల తెలుపు అంతా ఎటు పోయిందో అనిపిస్తుంది.

ఇందులో చక్కెర రుచి కోసం మాత్రమే వేసింది కాదు. పెక్టిన్ పోగులు ఒకదానికొకటి పట్టుకోవాలంటే వాటి చుట్టూ నీరు తగ్గాలి. ఆ నీటిని చక్కెర లాక్కుంటుంది. పులుపు తోడైతే పట్టు కుదురుతుంది. అదే నీరు బూజుకు కూడా అందకుండా పోతుంది కాబట్టి సీసా నెలల తరబడి చెడదు. అందుకే మన దేశ ఆహార నిబంధనల్లో జామ్ అంటే కరిగిన ఘనపదార్థం 65 శాతానికి తగ్గకూడదు. అందులో ఎక్కువ భాగం చక్కెరలే. పండు వంతు మామూలుగా 45 శాతం ఉండాలి. చక్కెర సగానికి కోసేస్తే మామూలు పద్ధతిలో అది గట్టిపడదు, బయట నిలవా ఉండదు. తక్కువ చక్కెర జామ్ కావాలంటే వేరే రకం పెక్టిన్ కావాలి, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలి, తొందరగా తినెయ్యాలి. జామ్‌లో చక్కెర తగ్గించమని పోరేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. తగ్గించాల్సింది రాసుకునే మందం.

ఒకప్పుడు ఆ మందానికి హద్దు ధరే. చక్కెర చవకయ్యాక హద్దు చెరిగింది. మన దగ్గర నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండి, 1930ల చివర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక తెల్లచక్కెర ఇంటింటి సరుకైంది. ఇంగ్లండులో ఆ మార్పు ఇంకా ముందే వచ్చింది. కూలివాడి బల్ల మీద రొట్టె, టీ, జామ్ కలిసి ఒక పూట భోజనం అయిపోయాయి. 1914లో యుద్ధానికి వెళ్లిన బ్రిటిష్ సైనికుడి రోజువారీ రేషన్‌లో 4 ఔన్సుల జామ్, అంటే 113 గ్రాములు ఉండేది. చక్కెర వేరేగా 3 ఔన్సులు. బురద కందకాల్లో బరువులు మోసే మనిషికి అది ఇంధనం. యుద్ధం అయిపోయాక కూడా ఆ డబ్బా పేదల బల్ల మీదే ఉండిపోయింది.

అక్కడే రాబర్ట్ మెకారిసన్ కథలోకి వస్తాడు. ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్. 1918లో నీలగిరుల్లోని కూనూర్‌లో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత ఆయన ఎలుకలకు రకరకాల ప్రాంతాల తిళ్లు పెట్టి చూశాడు. ఒక గుంపుకు పంజాబ్ సిక్కుల తిండి: ముడి గోధుమ రొట్టెలు, వెన్న, పాలు, పప్పులు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం. ఇంకో గుంపుకు బ్రిటన్‌లో పేదలు తినేది: తెల్లరొట్టె, మార్జరిన్, తీపి టీ, సారం పోయేలా ఉడికించిన కూరగాయలు, డబ్బా మాంసం, చవక జామ్. మొదటి గుంపు ఏపుగా, ప్రశాంతంగా పెరిగింది. రెండో గుంపు గిడసబారింది, ఒకదాన్నొకటి కరుచుకుంది, చివరికి బలమైనవి బలహీనమైనవాటిని చంపి తినడం మొదలుపెట్టాయి. తప్పంతా జామ్‌దే అనడానికి లేదు. పాలు నామమాత్రం, పచ్చికూర లేదు, రొట్టెలో తవుడు లేదు. జామ్ చేసిందల్లా ఆ ఖాళీ తిండికి రుచి తెచ్చి, ఖాళీని కనబడనివ్వకపోవడం. పక్కన ఏముందన్నదాన్ని బట్టే ఈ తీపి మంచీ చెడూ తేలుతుందని నేను అనుకునేది ఈ ప్రయోగం వల్లే.

కూనూర్‌లోని ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చింది. 1969లో, స్వర్ణోత్సవ వేళ జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇప్పుడు తార్నాకలో ఉన్నది అదే. 2024లో ఆ సంస్థ సవరించి ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చక్కెర నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 5 శాతం దాటొద్దంటున్నాయి. 2000 కేలరీలు తినే మనిషికి అది 25 గ్రాములు. రెండు బ్రెడ్ ముక్కలకు తలా ఒక పెద్ద చెంచా జామ్ రాస్తే 40 గ్రాములు. అందులో చక్కెరలు దగ్గర దగ్గర 26 గ్రాములు. చాయ్ ఇంకా తాగనే లేదు.

ఇప్పటి పిల్లల ఇష్టమంతా చాక్లెట్ పూత మీద. దాని పుట్టుకా కరువులోనే. సికింద్రాబాద్‌కు పేరు పెట్టిన 1806లోనే నెపోలియన్ బ్రిటిష్ సరుకుల మీద దిగ్బంధం ప్రకటించాడు. కోకో కొరతై ఇటలీలోని ట్యూరిన్ మిఠాయివాళ్లు స్థానికంగా దొరికే హేజెల్‌నట్ కలిపి సరిపెట్టారని చెబుతారు. ఆ మిశ్రమమే జాండూయా. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మళ్లీ కోకో దొరకనప్పుడు ఆల్బా ఊళ్లో పియెత్రో ఫెర్రెరో 1946లో దాన్ని ముద్దగా చేశాడు, కోసి రొట్టెలో పెట్టుకునేందుకు. 1951లో అది రాసుకునే క్రీమ్ అయింది. 1964లో నుటెల్లా పేరుతో సీసాలోకి వచ్చింది. ఒకనాడు కోకోను సాగదీయడానికి గింజ వాడారు. ఇవాళ గింజను సాగదీస్తున్నది చక్కెర, పామాయిల్. డబ్బా మీది లెక్క ప్రకారం హేజెల్‌నట్ 13 శాతం, చక్కెర 100 గ్రాములకు 56 గ్రాములు. కంపెనీ చెప్పే ఒక వడ్డన 15 గ్రాములు, అంటే ఒక చెంచా గట్టిగా. దాంట్లో చక్కెర 8 గ్రాముల పైచిలుకు. ఆ ఒక్క చెంచాతో ఆగితే రోజు లెక్క తప్పదు. వెడల్పాటి కత్తితో రాస్తే ఆ చెంచా రెండో మూడో అవుతుంది, చేతికి తెలియదు. కాబట్టి సీసాలో కత్తి పెట్టొద్దు, టీ చెంచా పెట్టండి.

షుగర్ ఉన్నవాళ్లు ఈ దేశంలో 10 కోట్లకు పైనేనని 2023లో ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. అందుకే దుకాణాల్లో షుగర్‌ఫ్రీ సీసాలు వరసలు కట్టాయి. బరువు తగ్గడానికి కృత్రిమ తీపిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది చెప్పింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు ఆ సలహా వర్తించదు, వాళ్లు తమ డాక్టర్‌నే అడగాలి. తేనె రాసుకుంటే ఫర్వాలేదనుకోవడం కూడా సరికాదు. ఆ సంస్థ లెక్కలో తేనె కూడా చక్కెరే. బెల్లంలోనూ అధిక భాగం అదే.

పల్లీ పూత సంగతి వేరు. కెనడాకు చెందిన మార్సెలస్ ఎడ్సన్ 1884లో పల్లీ ముద్దకు పేటెంట్ తీసుకున్నాడు. 1895లో అమెరికాలో జాన్ హార్వే కెల్లాగ్ తన శానిటోరియం రోగుల కోసం ఇలాంటిదే చేసి దరఖాస్తు పెట్టాడు. ఇదీ వైద్యుడి గది నుంచే వచ్చిందన్నమాట. మనకు పాలమూరు పల్లీలకు కొదవ లేదు. సద్దుల బతుకమ్మకు పల్లీలు వేయించి దంచి తీపి కలిపే ఇళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు.

పావుకిలో పల్లీలు సన్నటి సెగ మీద వేయించి, పొట్టు చెరిగి, గోరువెచ్చగా ఉండగానే మిక్సీలో వెయ్యాలి. ముందు పొడి అవుతుంది, తర్వాత జార్‌కు అతుక్కుని మొరాయిస్తుంది. మోటారు వేడెక్కకుండా ఆపి, గీకి, మళ్లీ తిప్పాలి. కాసేపటికి నూనె వదిలి ముద్ద జారుగా అవుతుంది. గింజ తీసిన నాలుగైదు ఖర్జూరాలు, చిటికెడు ఉప్పు అప్పుడు వేసి ఇంకోసారి తిప్పితే చాలు. మాంసకృత్తులు పల్లీలో నాలుగో వంతు దాకా ఉంటాయి. కేలరీలు మాత్రం చాక్లెట్ పూతకు ఏమీ తీసిపోవు, కాబట్టి దీనికీ టీ చెంచానే. ఖర్జూరం వేసింది ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో అయిపోగొట్టాలి. వెయ్యనిది ఇంకొన్నాళ్లు ఉంటుంది. నూనె పైకి తేలితే పారబోయకుండా కలిపేయండి.