ఫోన్లో సులువు, కంప్యూటర్లో కష్టం: లినక్స్ కథ

మాది బోధన్. ఈరోజు మీ ఇంట్లో మూలకు పడ్డ పాత కంప్యూటర్ గురించి మాట్లాడుకుందాం.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. 2004లో ఉబుంటు వచ్చింది. మామూలు మనుషుల కోసమే అన్నారు, సీడీలు ఉచితంగా పోస్టులో పంపారు. నిజామాబాద్‌లో చదువుకునేటప్పుడు నేనూ ఒకటి తెప్పించుకున్నా. స్క్రీన్ బాగానే వచ్చింది, డయలప్ మోడెం మాత్రం పలకలేదు. అప్పట్లో చాలా మోడెంలకు డ్రైవర్లు విండోస్‌కే రాసేవారు. దాన్ని ఎట్ల సరిచేయాలో చదవాలంటే మళ్లీ నెట్టే కావాలె! వారంలో విసుగొచ్చి తీసేశా.

తర్వాత హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు మెనూలను తెలుగులోకి తెచ్చారు. భాష దగ్గరైంది, కానీ ఎక్కించే పని మాత్రం మన నెత్తి మీదే ఉండిపోయింది.

2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది. దాని లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే. దాన్ని ఎవరూ కష్టమనలేదు. ఎందుకంటే కంపెనీయే అన్నీ కుదిర్చి చేతిలో పెట్టింది.

మా శక్కర్‌నగర్ చూడండి. 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చేనుల చెరకు ఉంటే సరిపోదు, ఆడించేవాళ్లు కావాలె. లినక్స్ సంగతీ అంతే.

2025 అక్టోబర్‌లో విండోస్ 10కు సపోర్ట్ ఆగింది. పాత ల్యాప్‌టాప్ పారేయకండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూడండి, విండోస్ అట్లనే ఉంటది. వైఫై, సౌండ్, తెలుగు మూడూ పనిచేస్తేనే ఎక్కించండి. అమ్మానాన్నల కోసమైతే, ఆ కుదిర్చిపెట్టే పని మీరే చేయండి.