మారియెన్‌తాల్ నూరు కుటుంబాలు: నమూనా ఎంపిక, నిర్ధారణల హద్దులు

మిశ్రమ పద్ధతిలో సాగే సామాజిక పరిశోధనకు సంఖ్యలు, మాటలు రెండూ ఆధారాలే. ఆ సంఖ్యలు ఎవరివి, ఆ మాటలు ఎవరివి, వాటినిబట్టి ఎవరిని గురించి నిర్ధారణ చేయవచ్చు అన్నది నమూనా ఎంపికపై ఆధారపడుతుంది. మిశ్రమ పద్ధతి అనే పేరు స్థిరపడడానికి అర్ధశతాబ్దం ముందే, 1933లో వెలువడిన మారియెన్‌తాల్ అధ్యయనం ఈ సమస్యను ఎదుర్కొన్నది.

ఆస్ట్రియాలో వియన్నాకు సమీపాన ఉన్న మారియెన్‌తాల్ ఒకే బట్టల మిల్లును నమ్ముకొని బతికిన ఊరు. 1929-30లో మిల్లు మూతపడింది. ఊరిలోని 478 కుటుంబాలలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉపాధి కోల్పోయాయి. పాల్ లాజర్స్‌ఫెల్డ్, మారీ యహోదా, హాన్స్ జైజెల్ బృందం 1931 చివరలో అక్కడ పరిశీలన ప్రారంభించి, ప్రతి కుటుంబానికీ ఒక నమోదు పత్రం తయారుచేసింది.

వారు ప్రధాన వీధిలో నడిచేవారి వేగాన్ని సైతం కొలిచారు. 33 మంది పురుషులలో 18 మంది గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిచారు. 17 మంది స్త్రీలలో 10 మంది 5 కిలోమీటర్ల వేగంతో నడిచారు. ఈ తేడాకు కారణం గడియారం చెప్పదు. పురుషులు నింపిన దినచర్య పత్రాలు, గృహిణుల మాటలు చెప్పాయి: మిల్లు పోయినా స్త్రీలకు ఇంటి పని పోలేదు.

అసలు చిక్కు కుటుంబాల వర్గీకరణలో వచ్చింది. ఇంటింటికీ వెళ్ళి నిశితంగా పరిశీలించిన నూరు కుటుంబాలలో 16 చెక్కుచెదరనివి, 48 ఉన్నదానితో సర్దుకున్నవి, 11 నిరాశలో కూరుకుపోయినవి, 25 దేనిపైనా పట్టింపులేనివి. నమూనా సరిగ్గా నూరు కనుక వీటిని శాతాలుగా ప్రకటించడం సులభం. రచయితలు అలా చేయలేదు. దుస్తుల పంపిణీతో ముడిపడిన ఆ సందర్శనలకు ఎక్కువ ఇబ్బందిలో ఉన్న కుటుంబాలనే ఎంచుకున్నారు కనుక చివరి రెండు వర్గాల వాటా ఊరి మొత్తానికి వర్తించదని వారే రాశారు. ఊరంతటికీ సవరించిన అంచనాలో చెక్కుచెదరనివి 23 శాతం, సర్దుకున్నవి 69 శాతం కాగా, చితికిపోయినవి 8 శాతమే. నూటికి 36గా కనిపించినది 8కి తగ్గిందన్నమాట! ఉద్దేశపూర్వకంగా ఎంచుకున్న నూరుగురి జవాబులను జిల్లా మొత్తానికి అంటగట్టే మన సిద్ధాంత గ్రంథాలు ఈ ఒక్క సవరణనైనా గమనించవలసి ఉంది.

అయితే ఈ సవరణ యాదృచ్ఛిక ప్రతిచయనం ఇచ్చే అంచనా వంటిది కాదు. దాని దోషపరిమితిని లెక్కించలేము. ఏ కుటుంబం ఏ వర్గానికి చెందుతుందన్నదీ పరిశోధకుల విచక్షణే. తమ పరిశీలన నిరుద్యోగ గ్రామం గురించే తప్ప విడి నిరుద్యోగి గురించి కాదని కూడా వారు హద్దు గీసుకున్నారు.

ఆ హద్దును వారు మరొక చోట దాటారని నా అభిప్రాయం. వినియోగ ప్రమాణానికి నెలసరి ఆదాయం ఆ నాలుగు వర్గాలలో వరుసగా 34, 30, 25, 19 షిల్లింగులు. దీనినిబట్టి ఆదాయం తరిగేకొద్దీ కుటుంబాలు ఒక మెట్టు నుంచి కింది మెట్టుకు జారుతాయని వారు ఊహించారు. కానీ పట్టిక చూపినది ఒకే కాలంలోని వేర్వేరు కుటుంబాలను. ఒకే కుటుంబం కాలక్రమంలో జారడాన్ని కాదు. అమెరికాకు వలసవెళ్ళిన లాజర్స్‌ఫెల్డ్ 1940లో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో ఓటర్ల అధ్యయనానికి 600 మందిని ఎంచుకొని, మే నుంచి నవంబరు వరకు వారినే పదేపదే కలిశారు. పదేపదే అడగడం వల్ల జవాబులు మారుతున్నాయేమో తెలుసుకోవడానికి మరి మూడు నియంత్రణ బృందాలనూ ఏర్పరచుకున్నారు.