వాంపైర్ ముక్కున బరువు

వాంపైర్ అనే బ్రిటిష్ జెట్ యుద్ధవిమానం బొమ్మ కట్టే కిట్టు ఏ కంపెనీది తెచ్చుకున్నా, రెండు సగాలూ అతికించకముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ముక్కులో బరువు పెట్టాలి. చేపల గాలానికి కట్టే సీసం గుళ్లు కొన్ని తీసుకుని కాక్‌పిట్ కింద, సీటు వెనక, ముందుచక్రం గూడుకు అటూ ఇటూ ఇరికించి గట్టిగా అంటించాలి. ఆ పని చేయకుండా మూసేస్తే, రంగులన్నీ వేసి బల్ల మీద నిలబెట్టిన రోజున బొమ్మ ముందుచక్రాన్ని గాల్లోకి లేపి తోక మీద కూలబడుతుంది. పైగా ఈ విమానానికి ముక్కు బాగా పొట్టి. సీసం దాచడానికి చోటు వెతుక్కోవాలి.

చాలామంది దీన్ని కిట్టు తయారుచేసినవాళ్లు తెచ్చిపెట్టిన చికాకు అనుకుంటారు. నా దృష్టిలో అది ఆ విమానం జాతకంలోనే ఉంది. పొట్టి ముక్కు, వెనక్కి చాచిన రెండు కాడలు (బూమ్‌లు), వాటి చివర్లను కలిపే తోకరెక్క, నేలకు ఆనుకున్నట్టుండే ఎత్తు, ఇవన్నీ 1941-43 మధ్య ఇంగ్లండులో కొందరు ఇంజనీర్లు తీసుకున్న నిర్ణయాలు. మోడల్ కట్టేటప్పుడు చేతికి అడ్డం వచ్చే ప్రతిదాని వెనకా వాటిలో ఏదో ఒకటి ఉంటుంది.

అప్పటికి జెట్ ఇంజన్ పసిది. ఫ్రాంక్ హాల్ఫర్డ్ 1941లో డిజైన్ మొదలుపెట్టిన ఇంజన్‌కు తర్వాత గోబ్లిన్ అని పేరొచ్చింది. లోపలికొచ్చిన గాలిని పెద్ద చక్రం ఒకటి అంచులకు విసిరికొట్టి నొక్కుతుంది. అందుకే ఇంజన్ పొట్టిగా, లావుగా ఉంటుంది. దాన్ని చుట్టుకుని కూర్చున్న వాంపైర్ మొండెం కూడా గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. మొదట్లో ఆ ఇంజన్ తోపుడు బలం సుమారు 2,700 పౌండ్లు మాత్రమే. వేడిగాలిని పొడవాటి గొట్టం గుండా విమానం తోక దాకా తీసుకెళ్తే, ఉన్న ఆ కాస్త బలంలోనూ కొంత దారిలోనే పోతుంది. కాబట్టి వాంపైర్‌ను తయారుచేసిన డి హావిలాండ్ కంపెనీ ఇంజనీర్లు మొండేన్ని ఇంజన్ దగ్గరే ముగించేశారు. మరి తోక ఎక్కడ పెట్టాలి? రెక్కల నుంచి వెనక్కి రెండు బూమ్‌లు చాచి, వేడిగాలి తగలనంత ఎత్తున, వాటి మధ్య తోకరెక్కను పరిచారు. ప్రొపెల్లర్ లేదు గనక నేల నుంచి ఎత్తుగా నిలబడాల్సిన పనీ లేదు. కాళ్లు పొట్టివైపోయాయి.

1943 సెప్టెంబరు 20న హాట్‌ఫీల్డులో జెఫ్రీ డి హావిలాండ్ జూనియర్ దాన్ని మొదటిసారి గాల్లోకి లేపాడు. కంపెనీ స్థాపకుడి కొడుకు అతను. మూడేళ్లు తిరగగానే, 1946 సెప్టెంబరులో, వాంపైర్ మొండేనికే వెనక్కి వాలిన రెక్కలు తగిలించి చేసిన డీహెచ్ 108 అనే ప్రయోగ విమానం గాల్లో ముక్కలై చనిపోయాడు. వాంపైర్ గురించి మాట్లాడుకున్నప్పుడల్లా అతని పేరు తలుచుకోవాలనిపిస్తుంది.

అమెరికా తొలి జెట్ యుద్ధవిమానాల్లో ఒకటైన షూటింగ్ స్టార్ నమూనా కూడా బ్రిటన్ నుంచి వచ్చిన గోబ్లిన్‌తోనే ఎగిరింది. నేల మీద పరీక్షిస్తుండగా గాలి తీసుకునే గొట్టాలు కుంగి ఇంజన్ దెబ్బతింటే, రెండో వాంపైర్ కోసం దాచుకున్న ఇంజన్‌ని ఇంగ్లండు నుంచి పంపించారు. అలా 1944 జనవరి 8న ఆ విమానం గాల్లోకి లేచింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. గంటకు 500 మైళ్లు దాటిన ఈ జెట్ విమానం మొండెం చెక్కతో చేసింది. రెక్కలూ బూమ్‌లూ లోహమే. పైలట్ కూర్చునే భాగం మాత్రం పల్చటి ప్లైవుడ్ రేకులు రెండింటి మధ్య, బొబ్బట్టులో పూర్ణంలా, బాల్సా చెక్క పెట్టి అచ్చుల మీద వంచి అతికించింది. ఈ విద్య డి హావిలాండ్‌కు మస్కిటో బాంబర్‌తో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అల్యూమినియం దొరకడం కష్టం. కలప పనివాళ్లు, బల్లలూ కుర్చీలూ చేసే కార్ఖానాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఈక్వడార్ బాల్సా, కెనడా బర్చ్ ప్లైవుడ్ తెప్పించుకుని మస్కిటో మొండేన్ని కుడి సగం, ఎడమ సగం వేరువేరుగా చేసేవారు. లోపలి తీగలు, గొట్టాలు వీలైనన్ని ముందే బిగించి, తర్వాత రెండు సగాలనూ నడుమన కలిపేవారు. ప్లాస్టిక్ కిట్టు విప్పి చూడండి. లోపల కాక్‌పిట్ అమర్చి కుడి ఎడమ సగాలను మూసే పద్ధతి అక్షరాలా అదే.

చెక్క అతికిన తర్వాత మస్కిటో ఒళ్లంతా సన్నటి నూలుగుడ్డ పరిచి, దాని మీద డోప్ అనే గట్టిపడే పూత పూసి నునుపు చేసేవారు. ఆ గుడ్డ పేరు మదపొల్లం. ఆ పేరు మన గోదావరి ఒడ్డుది. నరసాపురం పక్కన ఉన్న మాధవాయిపాలెం ఈస్టిండియా కంపెనీకి గుడ్డల కొనుగోలు కేంద్రం. ఇంజరం, బెండమూర్లంకలతో పాటు డెల్టాలో కంపెనీ నడిపిన మూడు వర్తక స్థానాల్లో అదే పెద్దది. అక్కడి సాలెలు నేసిన గుడ్డ ఊరి పేరుతోనే యూరప్ చేరింది. తర్వాతి కాలంలో మిల్లులు ఆ రకం గుడ్డను నేస్తూ ఆ పేరునే ఉంచుకున్నాయి. మన నేతగాళ్ల ఊరి పేరు బ్రిటిష్ యుద్ధవిమానాల తయారీ దాకా వెళ్లిందన్న సంగతి పశ్చిమగోదావరిలో కూడా అట్టే మందికి తెలియదు. తెలియాలి.

విమానాలు చెక్క వదిలి లోహంలోకి వెళ్తున్న ఆ రోజుల్లోనే బొమ్మ విమానాలు చెక్క వదిలి ప్లాస్టిక్‌లోకి వస్తున్నాయి. 1932లో ఇంగ్లండులో జేమ్స్ హే స్టీవెన్స్ స్కైబర్డ్స్ అనే పేరుతో చెక్క కిట్లు తెచ్చాడు. అన్ని విమానాలకూ ఒకే కొలత పెట్టాలన్నది ఆయన పట్టుదల. ఆరడుగులకు ఒక అంగుళం. అంటే 72లో ఒక వంతు. ఆరడుగుల మనిషి బొమ్మలో సరిగ్గా అంగుళం ఉంటాడు. ఈనాటికీ విమానం కిట్లలో బాగా అమ్ముడయ్యే కొలతల్లో అదొకటి. నాలుగేళ్లకు, 1936లో, ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ అనే వరసలో తొలి ప్లాస్టిక్ విమానం కిట్లు తెచ్చింది. ఎగిరే బొమ్మలు అమ్మే కంపెనీ కాబట్టి, ఎగరని వాటికి ఎగరలేని పక్షి పేరు పెట్టింది. అప్పటి ప్లాస్టిక్ సెల్యులోజ్ ఎసిటేట్. ఏళ్లు గడిచేకొద్దీ మెలికలు తిరిగిపోతుంది. అందుకే ఆనాటి పెంగ్విన్ బొమ్మలు వంకర పోకుండా మిగిలినవి అరుదు.

యుద్ధం వచ్చాక బొమ్మకు పెద్ద పని పడింది. గాల్లో కనిపించేది మనదా శత్రువుదా అని క్షణంలో గుర్తుపట్టడం సైనికులకు నేర్పాలి. 1942లో అమెరికా నౌకాదళం తమ దేశపు హైస్కూలు పిల్లలను 5 లక్షల చెక్క విమానాలు చెక్కి ఇమ్మని అడిగింది. 50 రకాలు, ఒక్కో రకానికి 10 వేలు. కొలత ఇదే, 72లో ఒక వంతు. ఆ బొమ్మను 35 అడుగుల దూరంలో పెట్టి చూస్తే, అసలు విమానం దాదాపు అర మైలు దూరంలో ఉన్నట్టు కంటికి ఆనుతుంది. తుపాకీ పట్టేవాడికి కావలసిన దూరం అదే. పిల్లలు చెక్కినవి సరిపోక ప్లాస్టిక్ అచ్చుల్లో కూడా పోశారు. నల్లరంగు పూసిన ఆ బొమ్మలకు రంగులతో, మెరుగులతో పని లేదు. ఆకారం ఒక్కటి తప్పకూడదు. మోడల్ కట్టేవాళ్లలో ఇప్పటికీ ఉన్న ఆకారపు పట్టింపు, రెక్క చివర ఒక మిల్లీమీటరు తేడా వస్తే నిద్రపట్టని తత్వం, అక్కడి నుంచే బలపడిందని నా నమ్మకం.

యుద్ధం ముగిశాక పాలిస్టైరీన్ చౌకైంది. కరిగించి ఉక్కు అచ్చులోకి నొక్కితే గీత గీతా పట్టుకుంటుంది, చల్లారాక వంకర పోదు. హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో లండనులో పెట్టిన ఎయిర్‌ఫిక్స్ మొదట్లో గాలి నింపే రబ్బరు బొమ్మలు చేసేది, ఆ తర్వాత దువ్వెనలు చేసింది. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు కంపెనీ తన ఏజెంట్ల కోసం చిన్న ట్రాక్టరు బొమ్మ అడిగింది. 1952లో వుల్‌వర్త్ దుకాణాల కోసం గోల్డెన్ హైండ్ అనే ఓడను విడిభాగాలుగా సంచిలో పెట్టి అమ్మారు. ఆ తర్వాత స్పిట్‌ఫైర్ విమానం కిట్టు వచ్చింది. సముద్రానికి అవతల అమెరికాలో అదే 1952లో అరోరా తెచ్చిన తొలి కిట్లు రెండూ జెట్లే. ఒకటి పాంథర్. రెండోది ఎఫ్-90, సేవలో చేరకుండానే ఆగిపోయిన నమూనా విమానం. అప్పటి పిల్లలకు జెట్ అన్న మాట ఒక్కటి చాలేది.

పాలిస్టైరీన్‌తో జిగురు కూడా మారింది. చెక్కకు వాడే జిగురు రెండు ముక్కల మధ్య పొరగా నిలుస్తుంది. ప్లాస్టిక్ సిమెంటు అలా కాదు. రెండు అంచులనూ కాస్త కరిగించి, ఒకదానిలో ఒకటి కలిపి, తాను ఆవిరైపోతుంది. ఆరాక అక్కడ అతుకు లేదు, ఒకే ముక్క ఉంది. వాంపైర్ కట్టేటప్పుడు ఈ గుణమే ప్రాణం. ఎందుకంటే మొండెం అతుకును ఉప్పుకాగితంతో అరగదీసి పూర్తిగా మాయం చేయాలి. అసలు విమానం ముందుభాగం గుడ్డ చుట్టిన నున్నటి చెక్క. తుపాకుల తలుపులు, కాక్‌పిట్ అద్దం, కొన్ని మూతలు తప్ప అక్కడ రేకుల అతుకు గీతలు ఉండకూడదు. కొన్ని కిట్లలో మొండెం పొడవునా లోహపు విమానానికిలా గీతలు చెక్కి ఉంటాయి. వాటిని పుట్టీతో పూడ్చి రుద్దేయండి. గీతలు తీసేయడం కూడా డీటైలింగే.

రంగు దగ్గరా ఇదే మాట. వాంపైర్ వెండిరంగులో కనిపిస్తుంది కదా అని, తళతళలాడే లోహపు రంగు కొడుతుంటారు. చెక్క మొండేనికి ఆ మెరుపు ఎక్కడిది? అది అల్యూమినియం పొడి కలిపిన పూత. ఎండలో కూడా మసకగా, మెత్తగా ఉంటుంది. రెక్కలకూ అదే పూత. మెరిసేది కొట్టినవాళ్ల బొమ్మ ఫొటోలో బాగుంటుంది కానీ, అది వాంపైర్ కాదు.

బూమ్‌లు అతికించే గంటే అన్నిటిలోకీ గట్టి పరీక్ష. రెండూ సమాంతరంగా, ఒకే ఎత్తులో ఉండాలి. తోకరెక్క రెక్కలతో సమంగా కనిపించాలి. సిమెంటు పూర్తిగా బిగుసుకోకముందే ముందు నుంచి, వెనక నుంచి, పై నుంచి చూసి సరిదిద్దాలి. తోకరెక్క ముక్కను జిగురు లేకుండా ఊరికే తగిలించి ఉంచి బూమ్‌లు ఆరనివ్వడం మంచిది. కాక్‌పిట్‌లో ఎక్కువ పని పెట్టుకోనక్కర్లేదు. నల్లటి గూడు, సీటు, బెల్టులు చాలు. ఒంటిసీటు వాంపైర్లలో ఎజెక్షన్ సీటు ఉండేది కాదు. పెట్టెలో పాత ముక్క మిగిలిందని అది పెట్టకూడదు. ఆ లేకపోవడం వెనక పైలట్లు మోసిన ప్రమాదం ఉంది.

మన దేశానికి వాంపైర్ 1948లో వచ్చింది. భారత వాయుసేనకు అదే తొలి జెట్. మొదట 7వ స్క్వాడ్రన్‌కు చేరాయి. తర్వాత బెంగళూరు హెచ్ఏఎల్‌లో లైసెన్సు మీద తయారయ్యాయి. 1965 సెప్టెంబరు 1న ఛంబ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను ఆపడానికి 45వ స్క్వాడ్రన్ వాంపైర్లను పంపారు. అప్పటికే కాలం చెల్లిన విమానాలవి. ఆ సాయంత్రం నాలుగు కూలాయి. ఆ తర్వాత వాటిని ముందువరస నుంచి తప్పించారు. శిక్షణలో మాత్రం చాలాకాలం కొనసాగాయి. హైదరాబాదు పక్కన హకీంపేటలో ఎందరో యుద్ధవిమాన పైలట్లు జెట్ నడపడం నేర్చుకున్నది వాంపైర్ల మీదే. ఆ శిక్షణ 1970లలో ఇస్క్రా అనే శిక్షణ జెట్లకు మారింది.

భారత వాంపైర్ చేయాలనుకునేవాళ్లు పెట్టె కొనేముందు రెక్క చూసుకోవాలి. మొదట వచ్చిన ఎఫ్.3 రకానికి రెక్కల చివరలు గుండ్రంగా ఉంటాయి, ఈ కొన నుంచి ఆ కొనకు 40 అడుగులు. నేల మీది లక్ష్యాలను కొట్టడానికి బలపరిచిన తర్వాతి రకాలకు చివరలు ఒక్కో అడుగు చొప్పున కత్తిరించి, 38 అడుగులు చేశారు. హెచ్ఏఎల్‌ చేసిన ఎఫ్.బి.52 ఈ రెండో రకం. 72లో ఒక వంతులో ఆ తేడా ఒక్కో వైపు నాలుగు మిల్లీమీటర్లు, కంటికి స్పష్టంగా తెలుస్తుంది. ఎయిర్‌ఫిక్స్ 48లో ఒక వంతులో తెచ్చిన ఎఫ్.3 మన తొలి జెట్‌కు సరిపోతుంది. అదే కొలతలో ట్రంపెటర్ తెచ్చిన ఎఫ్.బి.9, హెల్లర్ వాళ్ల చిన్న కిట్టు కత్తిరించిన రెక్కవి. హకీంపేట రెండు సీట్ల శిక్షణ విమానానికి ఎయిర్‌ఫిక్స్ టి.11 నుంచి మొదలుపెట్టవచ్చు. గుర్తుల విషయంలో చేతిలో ఉన్న ఫొటో ఏ ఏడాదిదో ముందు తేల్చుకోండి. 1950కి ముందు వాయుసేన గుర్తు నీలిరంగు అశోకచక్రం. ఆ తర్వాత బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ వలయాలు. అసలు విమానం ఒకటి ఢిల్లీ పాలం వాయుసేన మ్యూజియంలో ఉంది. వెళ్లినప్పుడు మొండెం పక్కన వంగి చూడండి, నేలకు ఎంత దగ్గరగా ఉందో, తోక కింద ఎంత ఖాళీ వదిలారో. ఆ కొలతలు రాసుకుని వస్తే, కాళ్లు అతికించే రోజున కాగితం మీది బొమ్మకన్నా బాగా పనికొస్తాయి.